గడ్డం

దారం ఒక కొస పళ్ళ మధ్య,
మిగతాది రెండు చేతుల వేళ్ళకి.
మాట్లాడ్డానికి వీల్లేని పని నాది.
అందుకే అన్నీ వింటాను.

జీలాంగ్‌లో, షాపింగ్ సెంటర్ కింది అంతస్తులో,
ఫోను తొడుగుల కొట్టుకీ జ్యూసుల కొట్టుకీ నడుమ
రెండు కుర్చీలు, ఒక అద్దం, ఒక తెర.
తెర నేనే పోరి కట్టించాను.
కనుబొమలకి ఎవరూ తెర అడగరు.
గడ్డానికి అడుగుతారు.
అదీ నోటితో కాదు.
చూపుడువేలు దవడ కింద ఒకసారి తాకి
వెంటనే జేబులో దాక్కుంటుంది.

మంగళవారాల ఐలీన్‌కి అరవై నాలుగు.
ముట్లుడిగిన ఏడాది మొదలయ్యాయట,
తెల్లగా, బిరుసుగా, నాలుగే నాలుగు.
"మా నాన్న ఇల్లు తమ్ముడికిచ్చాడు, గడ్డం నాకిచ్చాడు" అని
పగలబడి నవ్వుతుంది.
నవ్వితే దారం తెగుతుంది. తెగనిస్తాను.

బస్సు నడిపే ఫిలొమీనాకి
రెండో కాన్పు నాటి మంగు, చెంపల మీద.
"టీ ఒలికింది" అంటుంది తను.
దానికి నా దారం పనికిరాదు.
ఎండలో టోపీ పెట్టుకోమని పంపేస్తాను.

ఇక ఆ పిల్ల.
జూలై. సముద్రం మీంచి గాలి చెవులు కోస్తోంది.
కళ్ళజోడు, ముక్కు దాకా స్కార్ఫు, పందొమ్మిదేళ్ళుంటాయి.
తెర లాగాక కూడా విప్పడానికి చాలాసేపు పట్టింది.
దవడ పొడుగునా మొటిమలు,
పచ్చివి, పండినవి, గిల్లినవి,
గిల్లినందుకు మిగిలిన నల్లటి గుంటలు.
వాటి సందుల్లో రేజరు గీసిన ఎర్రటి గీతలు.
"రోజూ ఐదింటికే లేస్తాను, రూమ్మేట్ లేవకముందే"
అంది ఇంగ్లీషులో.
నా బ్యాడ్జీ మీద హైమ అన్న పేరు చదివి
తెలుగులోకి దిగింది, మెట్టు తడుముకుంటున్నట్టు.

దారం నోట్లోంచి తీసేశాను.

ఆ వయసులో నాకూ చెప్పారు.
వయసు మొటిమలే, అవే పోతాయి.
నూనె వస్తువులు మానెయ్.
ఎవడో నిన్ను తెగ తలుచుకుంటున్నాడే!
సున్నిపిండితో గట్టిగా రుద్దు.
రుద్దాను, రక్తం చిమ్మేదాకా,
తప్పంతా చర్మానిదే అన్నట్టు.
ముప్పై ఒకటో ఏట, ఈ ఊళ్ళోనే,
ఒక డాక్టరమ్మ నా మొహం వైపు చూడకుండా
పొత్తికడుపు మీద చల్లటి జిగురు పూసి
తెర మీద చూపించింది.
అండాశయం అంచున నల్లటి చుక్కలు,
దండ గుచ్చినట్టు.
అన్నాళ్ళూ నేను కడుగుతున్నది
లోపలి నుంచి వచ్చిన ఉత్తరాన్ని.
చదవకుండానే.

"నెలనెలా సరిగ్గా వస్తోందా?" అన్నాను.
మొటిమలకని వస్తే ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.
"ఫిబ్రవరిలో వచ్చింది."
వేళ్ళు లెక్కపెట్టుకుంది.
ఒక చెయ్యి పూర్తిగా అయిపోయింది.

మన భాష చిత్రమైంది.
ఆడదాని గడ్డానికీ మగవాడి గడ్డానికీ ఒకటే మాట.
అలిగిన పిల్లని పట్టుకు బతిమాలే ఎముకా అదే,
ఆ పిల్ల ఐదింటికి లేచి గీసుకునే వెంట్రుకా అదే.
భాషకి లేని సిగ్గు మనకెక్కడిదో.

ఆ రోజు దారం వేయలేదు.
పచ్చి మొటిమల మీద వేయకూడదు.
రసీదు వెనక డాక్టరమ్మ పేరు రాసిచ్చాను.
"మొహం చూపించడం తర్వాత.
ముందు ఫిబ్రవరి సంగతి చెప్పు" అన్నాను.
డబ్బు వద్దంటే ఒప్పుకోలేదు,
డబ్బాలో రెండు డాలర్లు వేసింది.

స్కార్ఫు మళ్ళీ ముక్కు దాకా.
ఎస్కలేటర్ దగ్గర ఆగి రసీదు తిప్పింది.
ఊపిరికి కళ్ళజోడు మసకేసినట్టుంది,
చదవడానికి స్కార్ఫు కిందికి లాగింది.
అంతమంది మధ్యలో, దీపాల కింద.

వెళ్ళిందో లేదో నన్నడక్కండి.
ఆగస్టులో నా షిఫ్టు మారింది.

షట్టరు దించాక నాది నేనే చూసుకుంటాను.
ఈ వారం ఎడమవైపు మూడు.
ఐలీన్ అయితే నవ్వేది.